విధేయత గురించి వాక్యం చెబుతూ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను, దయచేసి సహాయం చేయండి

గురువారం కూడిక:

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

మాది బాపట్ల దగ్గర ఒక పల్లె. నేను అంగన్‌వాడీ టీచర్ని. మా పేటలోని మందిరంలో గురువారం రాత్రి జరిగే స్త్రీల కూడికలో ఆరేళ్లుగా వాక్యం చదివి వివరిస్తున్నాను. బైబిల్ కాలేజీలో చదువుకోలేదు. ఇంట్లో చదువుకుని, నాకు అర్థమైనంత చెబుతాను. పాస్టర్ గారు నెలకొక అంశం ఇస్తారు. ఈ నెల అంశం 'దేవునికి లోబడుట, విధేయత'. నాలుగు గురువారాల్లో రెండు అయిపోయాయి. మూడో గురువారం ఏం చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

మా కూడికకు 14 మంది వస్తారు. ఇప్పుడు మిరప కోతలు నడుస్తున్నాయి. పొద్దున్నే ఆటోలో పొలాలకు వెళ్లి, చీకటి పడ్డాక వచ్చి, నీళ్లు పోసుకుని, ఇంత వండి పిల్లలకు పెట్టి, ఎనిమిదింటికి మందిరానికి వస్తారు. చదవడం వచ్చినవాళ్లు నలుగురే. మిగతావాళ్లంతా విని నేర్చుకున్నవాళ్లు. కానీ నేను ఒక్క మాట తప్పు చదివితే వెంటనే పట్టేస్తారు.

మొదటి వారం 1 సమూయేలు 15వ అధ్యాయం తీసుకున్నాను. ఇశ్రాయేలు రాజు సౌలు అమాలేకీయుల మీద యుద్ధానికి వెళ్లడం, ఏదీ మిగల్చవద్దని దేవుడు చెప్పినా మంచి గొర్రెల్ని, ఎడ్లని చంపకుండా తెచ్చుకోవడం, ప్రవక్త సమూయేలు వస్తే 'యెహోవా ఆజ్ఞ నెరవేర్చాను' అని చెప్పడం. మరి నాకు వినబడుతున్న ఈ గొర్రెల అరుపులేంటి అని సమూయేలు అడిగిన చోట అందరూ 'అయ్యో' అన్నారు. 'బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము' అన్న వచనం అందరి చేతా కంఠతా చెప్పించాను. మాట వినుట అంటే ఏంటి అని అడిగితే మా పెద్దమ్మ ఒకావిడ, "మా మనవడు మాట వినడు అంటాం. వాడికేమన్నా చెవుడా అమ్మా?" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ రాత్రి ఎంతో సంతోషంగా ఇంటికి వచ్చాను.

రెండో వారానికి ఫోన్‌లో బైబిల్ తెరిచి 'లోబడి' అని వెతికాను. వచ్చిన వచనాలన్నీ కాగితం మీద వరుసగా రాసుకున్నాను. 'కాబట్టి దేవునికి లోబడియుండుడి, అపవాదిని ఎదిరించుడి' అని యాకోబు 4:7. దాని కింద అధికారులకు లోబడమని రోమా 13. దాని కింద నాయకులకు లోబడమని హెబ్రీ 13:17. దాని కింద ఎఫెసీ 5:22, 'స్త్రీలారా, ప్రభువునకువలె మీ సొంతపురుషులకు లోబడియుండుడి'. ఒకదాని తర్వాత ఒకటి చదువుకుంటూ వెళ్లాను.

ఎఫెసీ చదవగానే వెనక కూర్చున్న ఒక అమ్మాయి, "టీచర్, కొట్టినా లోబడాలా? దేవుడికి లోబడటమంటే అదేనా?" అని అడిగింది.

ఆ అమ్మాయి గురించి వివరాలు రాయను. మిరపకాయలు కోసిన చేతులు రాత్రి దాకా మండుతూనే ఉంటాయి, ఆ చేతులతో కళ్లు తుడుచుకోలేరు. మోచేతి మడతతో తుడుచుకుంటూ అడిగింది. ఎవ్వరూ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. "ప్రార్థన చేసుకుందాం అమ్మా" అని కూడిక ముగించేశాను.

మా అంగన్‌వాడీ గోడ మీద 181 మహిళా హెల్ప్‌లైన్ నంబర్ పెద్ద అక్షరాలతో ఉంటుంది. రోజూ ఆ గోడ ముందే కూర్చుంటాను. ఆ రాత్రి అది కూడా నాకు గుర్తు రాలేదు. వారం నుంచి సరిగ్గా నిద్ర పట్టడం లేదు. దేవుని వాక్యం నా చేతిలో ఉంది, అడిగిన బిడ్డ ఎదురుగా ఉంది, నేను జవాబు చెప్పలేదు.

నా ప్రశ్నలు ఇవి. దేవునికి లోబడటం, మనుషులకు లోబడటం అనే రెండింటినీ వాక్యంలో నుంచే ఎలా విడదీసి చూపించాలి? మూడో వారం ఏ భాగం చదవాలి? ఆ అమ్మాయి ప్రశ్నను అందరి ముందు మళ్లీ ఎత్తాలా, వద్దా? దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

సువార్త దీపం:

వందనాలు సిస్టర్. విధేయత మీద మంచి భాగాలు చాలా ఉన్నాయి. 2 రాజులు 5లో కుష్ఠరోగి నయమాను ప్రవక్త మాట విని యొర్దాను నదిలో ఏడుసార్లు మునగడం చెప్పండి, పల్లెవాళ్లకు బాగా అర్థమవుతుంది. లూకా 5:5లో రాత్రంతా చేపలు పడకపోయినా పేతురు 'నీ మాట చొప్పున వలలు వేతును' అన్నది కూడా బాగుంటుంది. యోహాను 14:15 కంఠతా చెప్పించండి. ఎఫెసీ 5 జోలికి మాత్రం ఇప్పుడు వెళ్లకండి. స్త్రీల కూడికలో మొదలైన మాట ఇళ్లకు చేరి గొడవలవుతాయి. కొన్నాళ్లు పోతే వాళ్లే మర్చిపోతారు.

---

పాత తెలుగు టీచర్, గుంటూరు:

అమ్మా, వందనాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను 31 ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైర్ అయ్యాను. మావారు కాపరిగా సేవ చేసి ప్రభువు దగ్గరకు వెళ్లారు. ఆయన నిఘంటువులు, వ్యాఖ్యానాలు నా దగ్గరే ఉన్నాయి. వాటితోనే నాకు పొద్దు గడుస్తుంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదువు.

ఎఫెసీ 5 వదిలేయమన్న సలహా నేను ఒప్పుకోను. ఆ అమ్మాయి మర్చిపోదు. నువ్వు వదిలేస్తే, బైబిల్‌లో దీనికి జవాబు లేదు కాబట్టే టీచర్ మాట్లాడలేదని అనుకుంటుంది.

మొదట నీ 1 సమూయేలు 15 దగ్గరకే రా. అక్కడ నువ్వు సగం తవ్వి ఆపేశావు. హెబ్రీలో 'కోల్' అనే మాట ఉంది. స్వరం అని అర్థం. ఆ అధ్యాయమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. మన తెలుగులో ఒక చోట మాట, ఒక చోట అరుపు, ఒక చోట రంకె అని రావడంతో అది మనకు కనబడదు. 1వ వచనంలో యెహోవా స్వరం వినమని సమూయేలు చెబుతాడు. 14లో గొర్రెల స్వరం, ఎడ్ల స్వరం. 19, 20, 22 వచనాల్లో మళ్లీ యెహోవా స్వరం. ఇక 24లో సౌలు తన తప్పు ఒప్పుకుంటూ ఏమంటాడో చూడు: 'జనులకు జడిసి వారి మాట వినినందున'. అక్కడ కూడా అదే 'కోల్'. అంటే సౌలు ఎవరికీ లోబడనివాడు కాదమ్మా. లోబడ్డాడు. జడిసి లోబడ్డాడు. లోబడకూడని స్వరానికి లోబడ్డాడు. ఆ అధ్యాయం అతని తప్పు అని చెప్పేది దాన్నే.

ఇది నీ కూడికలో చెప్పు. భయంతో ఒకరికి తల వంచడం, దేవునికి విధేయత చూపడం ఒకటేనని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోశారు. ఈ అధ్యాయం ఆ రెండింటినీ ఎదురెదురుగా నిలబెడుతుంది.

మీ పెద్దమ్మగారు చెవుడు గురించి అన్న మాట నాకెంతో నచ్చింది. హెబ్రీలో 'షామా' అంటే వినడం, ఆ మాట ప్రకారం చేయడం, రెండూ. 'ఇశ్రాయేలూ వినుము' అన్న ద్వితీయోపదేశకాండము 6:4లో ఉన్నది అదే. తెలుగులో 'మాట వినడు' అనగానే మనకు అంతా అర్థమైపోతుంది. ఈ విషయంలో మన భాషకు, హెబ్రీకి మధ్య దూరం లేదు.

(అదే అధ్యాయంలో ఒక జనాంగాన్ని పిల్లలతో సహా చంపమన్న ఆజ్ఞ ఉంది. అది చదివిన ప్రతిసారీ నా గుండె బరువెక్కుతుంది. కూడికలో ఎవరైనా దాని గురించి అడిగితే దాటేయకు. నాకూ బరువుగానే ఉంది అని చెప్పు.)

ఇప్పుడు ఎఫెసీ. నువ్వు 22 నుంచి మొదలుపెట్టావు. చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. 21 చదువు: 'క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి'. గ్రీకు ప్రతుల్లో చాలా పాతవైన కొన్నిటిలో 22వ వచనానికి సొంతంగా క్రియాపదమే లేదు. 21లో ఉన్న 'లోబడి' అన్నదాన్నే అది అప్పు తెచ్చుకుంటుంది. కాబట్టి 21 లేకుండా 22 నిలబడదు. ఇంకొకటి. 6:1లో పిల్లలకు చెప్పేటప్పుడు 'విధేయులైయుండుడి' అని ఉంటుంది. భార్యలకు ఆ మాట వాడలేదు. గ్రీకులో రెండూ వేర్వేరు పదాలు. మన తెలుగు బైబిల్ తర్జుమా చేసినవాళ్లు ఆ తేడా చక్కగా నిలబెట్టారు, మనమే గమనించం. తర్వాత 25 నుంచి భర్తలకు చెప్పిందంతా చదువు. భార్యలకు చెప్పినదానికంటే చాలా ఎక్కువ ఉంది. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమంటాడు. 'తన శరీరమును ద్వేషించినవాడెవడును లేడు' అంటాడు. కొలొస్సయి 3:19లో 'వారిని నిష్ఠురపెట్టకుడి' అంటాడు. నిష్ఠురంగా మాట్లాడటమే కూడదన్న చోట చెయ్యెత్తడానికి చోటెక్కడుంది?

ఇక ఆ అమ్మాయి కోసం ఒక్క వచనం. యోహాను 18. ప్రధానయాజకుని ముందు యేసును నిలబెట్టినప్పుడు ఒక బంట్రౌతు ఆయన్ని చెంపమీద కొట్టాడు. అప్పుడు ప్రభువు ఏమన్నాడు? 'నేను కాని మాట ఆడినయెడల ఆ కాని మాట ఏదో చెప్పుము; మంచిమాట ఆడినయెడల నన్నేల కొట్టుచున్నావు' అన్నాడు. ఇది ఆయన సిలువకు వెళ్లే రాత్రి. తండ్రికి పూర్తిగా లోబడి ఉన్న రాత్రి. ఆ రాత్రే, కొట్టినవాణ్ని ఎందుకు కొట్టావని అడిగాడు. నా చిన్నప్పుడు ఇది ఎవరూ నాకు చెప్పలేదమ్మా. నాకు 52 ఏళ్లు వచ్చాక నేనే చదువుకుని తెలుసుకున్నాను.

---

నెల్లూరు సహోదరుడు:

టీచర్ గారూ, మీ అధ్యయనం గొప్పది, గౌరవిస్తున్నాను. కానీ ఒక భయం చెబుతాను. ఇలా చెబితే ప్రతి ఇంట్లో చిన్న విషయానికీ ఎదురు తిరగడం మొదలవుతుందేమో. 1 పేతురు 2:23లో ఆయన దూషింపబడి బదులు దూషించలేదు, శ్రమపెట్టబడి బెదిరించలేదు అని ఉంది. వెంటనే 3:1లో 'అటువలె' అంటూ స్త్రీల గురించి వస్తుంది. మా అమ్మ ఎంతో ఓర్చుకుంది, చివరికి మా నాన్న మారుమనస్సు పొందాడు. ఆ సాక్ష్యం వల్లే నేను ఈ రోజు విశ్వాసిని. ఓర్పును తక్కువ చేయకూడదని నా మనవి.

---

పాత తెలుగు టీచర్, గుంటూరు:

బాబూ, మీ అమ్మగారి ఓర్పుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆవిడ ప్రార్థన వృథా కాలేదు. కానీ ఆవిడ పడిన దెబ్బలు దేవుడు కోరినవి కాదు.

మీరు చెప్పిన వచనం నిజం. ఆయన బదులు దూషించలేదు. అయితే ఆయన ప్రతిసారీ దెబ్బకు ఎదురుగా నిలబడ్డాడా? లూకా 4లో నజరేతువాళ్లు కొండ అంచు మీద నుంచి తోసేయబోతే వాళ్ల మధ్య నుంచి దాటి వెళ్లిపోయాడు. యోహాను 10:39లో వాళ్ల చేతి నుంచి తప్పించుకున్నాడు. సిలువ దగ్గర ఆగింది ఎవరో బలవంతం చేస్తే కాదు, నా అంతట నేనే నా ప్రాణం పెడుతున్నాను అని అదే అధ్యాయంలో ముందే చెప్పాడు. దమస్కులో పౌలును చంపాలని చూస్తే, శిష్యులు రాత్రిపూట గంపలో గోడ మీద నుంచి దించి తప్పించారు.

దావీదును చూడండి. సౌలు దేవుడు అభిషేకించిన రాజని, గుహలో చేతికి చిక్కినా చంపలేదు, అంగీ అంచు మాత్రమే కోశాడు. అంతటి లోబాటు ఉన్నవాడు. కానీ సౌలు ఈటె విసిరినప్పుడు పక్కకు తప్పుకున్నాడు, ఆ రాత్రే పారిపోయాడు. కిటికీలో నుంచి దించి పంపింది ఎవరు? అతని భార్య మీకాలు. 1 సమూయేలు 19. తప్పించుకోవడం అవిధేయత అని ఆ అధ్యాయం ఎక్కడా అనలేదు.

మీరు చెప్పిన 1 పేతురు 3లోనే 7వ వచనం దాకా రండి. భార్య జీవమనే కృపావరంలో పాలివారు, ఆమెను సన్మానించకపోతే మీ ప్రార్థనలకే అభ్యంతరం అని పురుషులకు రాసి ఉంది. పురుషుల కూడికలో ఇది ఎన్నిసార్లు విన్నారు? మిమ్మల్ని నొప్పించాలని కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

---

నెల్లూరు సహోదరుడు:

ఒక్కసారి కూడా వినలేదు టీచర్ గారూ. ఆలోచిస్తాను.

---

కువైట్ నుంచి ఒక చెల్లి:

అక్కా, నేను కడప జిల్లా నుంచి ఇక్కడ ఇంటి పనికి వచ్చి ఐదేళ్లు. నాకూ ఆ అమ్మాయిలాగే జరిగింది. తొమ్మిదేళ్లు. 'లోబడమ్మా, ప్రభువు చూసుకుంటాడు' అనే అందరూ చెప్పారు. చెప్పినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, వాళ్లకూ వేరే మాట తెలియదు.

నాకు సహాయమైంది ఒక్క పెద్దామె. ఆవిడ వాక్యం ఏమీ చెప్పలేదు. మా ఇంటికి వచ్చి, నా పక్కన కూర్చుని బియ్యం ఏరింది. రెండోసారి వచ్చినప్పుడు నేనే చెప్పాను. అందుకని అందరి ముందు ఆ ప్రశ్న మళ్లీ ఎత్తవద్దు అక్కా. ఎత్తితే ఆ మాట ఆ రాత్రే ఇంటికి చేరుతుంది, దెబ్బలు తనకే పడతాయి. ముందు ఒంటరిగా కలవండి. 181 నంబర్ కాగితం మీద రాసి ఇవ్వకండి, ఇంట్లో దొరికితే ప్రమాదం. నోటికి చెప్పండి, మూడు అంకెలే కదా. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆ ఇంట్లో ఉండే హక్కు తనకు ఉందని కూడా చెప్పండి. నాకు ఎవరూ చెప్పలేదు. ఇల్లు వదిలిపోవడమే దారి అనుకున్నాను.

నేను ఇక్కడ మేడమ్ చెప్పిన ప్రతి పనీ చేస్తాను, జీతం కోసం. అది లోబడటమే. కానీ రాత్రి మోకాళ్ల మీద ఉన్నప్పుడు దేవునికి లోబడటం వేరేగా ఉంటుంది. అక్కడ నేను ఏడవచ్చు, అడగవచ్చు, ఎందుకు అనవచ్చు. ఆ తేడా మీ వాళ్లకు చెప్పండి.

---

గురువారం కూడిక:

అందరికీ వందనాలు. నిన్న మూడో గురువారం అయింది, అందుకే రాస్తున్నాను.

కువైట్ చెల్లి చెప్పినట్టు ఆదివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లాను. వాకిట్లో తొడిమలు తీస్తుంటే నేను కూడా కూర్చుని తీశాను. చాలాసేపు పిల్లల బడి గురించి మాట్లాడుకున్నాం. లేచేముందు, "ఆ రోజు నువ్వు అడిగితే నేను మాట్లాడలేదు, అది నా తప్పు. నిన్ను కొట్టడం దేవుని చిత్తం కాదు" అని చెప్పాను. నంబర్ నోటికి చెప్పాను, ఇంట్లో ఉండే హక్కు సంగతీ చెప్పాను. "చూద్దాంలే టీచర్" అంది. అంతకంటే ఏమీ అనలేదు. నంబర్ మాత్రం రెండుసార్లు పైకి అనుకుంది.

గురువారం 1 సమూయేలు 15 మళ్లీ చదివాను. ఈసారి టీచరమ్మ చెప్పిన చోట్లన్నీ 'స్వరం' అని చదివాను. 24వ వచనం దగ్గర ఆగి, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మీ చెవిలో ఎవరెవరి స్వరాలు పడతాయో చెప్పండి అన్నాను. ముందు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఒకామె మేస్త్రి స్వరం అంది. ఇంకొకామె సోమవారం కిస్తీకి వచ్చే అబ్బాయి స్వరం అంది. అత్త, మరిది, మైకు, చంటిపిల్ల ఏడుపు. ఒక్కొక్కరూ చెబుతూనే ఉన్నారు. వీటిలో ఏ స్వరానికి జడిసి లోబడుతున్నాం, ఏ స్వరానికి ప్రేమతో లోబడుతున్నాం అని అడిగాను. చంటిపిల్ల ఏడుపుకి ప్రేమతో అని ముగ్గురు ఒకేసారి అన్నారు. యోహాను 14:15 'మీరు నన్ను ప్రేమించినయెడల నా ఆజ్ఞలను గైకొందురు' అన్నది అప్పుడు చదివాను. ఎప్పుడూ దాన్ని అంత సులువుగా వివరించలేదు నేను. పిల్ల ఏడిస్తే ఎంత అలిసిపోయినా లేస్తాం కదా, అది ఎవరి భయం వల్ల అని అడిగితే చాలు, అందరికీ అర్థమైంది.

తర్వాత గెత్సేమనే, సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థించిన తోట. 'నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించును గాక' అన్నవాడు దానికి ముందు ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తీసేయమని అడిగాడు, మత్తయిలో మూడుసార్లు అడిగాడని ఉంది అని చెప్పాను. దేవుని ముందు అడగవచ్చు, ఏడవవచ్చు అన్న మాట కువైట్‌లో ఉన్న ఒక చెల్లి పంపిందని చెబితే, ఆమె కోసం అప్పటికప్పుడు ప్రార్థన చేశారు. చెల్లీ, నీ కోసం 14 మంది పేరు తెలియకుండా ప్రార్థించారు.

చివర్లో యోహాను 18:23 చదివాను. ఎవరి గురించీ ఏమీ అనలేదు, వచనం మాత్రమే చదివాను. ఆ అమ్మాయి వెనకనే కూర్చుంది. "మళ్లీ చదవండి టీచర్" అంది. చదివాను. మా పెద్దమ్మ, "అట్లా అన్నాడా ప్రభువు?" అని అడిగింది. అన్నాడమ్మా అన్నాను. మూడోసారి నేను చదవకముందే వెనక నుంచి మెల్లగా 'నన్నేల కొట్టుచున్నావు' అని వినబడింది.

పాస్టర్ గారితో శనివారం మాట్లాడతాను. పురుషులకు ఎఫెసీ 5:25 నుంచి చెప్పమని అడుగుతాను. 1 పేతురు 3:7 కూడా రాసుకున్నాను. ఆయన ఏమంటారో తెలియదు, అడగడం మాత్రం ఖాయం.

నాలుగో వారానికి లూకా 1 అనుకుంటున్నాను. మరియ 'నీ మాట చొప్పున నాకు జరుగును గాక' అనడానికి ముందు 'యీలాగేలాగు జరుగును' అని దూతను అడిగింది కదా, ఆ రెండూ కలిపి చదువుదామని. టీచరమ్మా, ఆ భాగంలో హెబ్రీ, గ్రీకు మాటలు ఏమైనా చూసుకోవాల్సినవి ఉంటే బుధవారంలోపు రాయండి. గురువారం పొద్దున్నే నాకు సెంటర్‌లో పిల్లల తూకాలు ఉన్నాయి, చదువుకోవడానికి టైం దొరకదు.